కరెంటు కారు పోలేని దూరం

ఆండాలుకు నలభై నాలుగేళ్లు. పొద్దున లేవగానే, చాయ్ కన్నా ముందు, కారు బ్యాటరీ జాడీల్లో నీళ్లు పోస్తుంది. బావినీళ్లు పోస్తే జాడీలు చెడిపోతాయి. అందుకని వానాకాలంలో డాబా మీద పట్టి, పాత చీరతో వడగట్టి, సీసాల్లో దాచుకున్న వాననీళ్లు పోస్తుంది.

ఆ కారు పెట్రోలుది కాదు, కరెంటుది. మొదటి యుద్ధం అయిపోయిన ఏడు ఒక నవాబుగారి దేవిడీలో, అంటే ఆయన పెద్ద భవంతిలో, ఉండే బేగం కోసం ఓడ మీద వచ్చింది. పరదాలో ఉండే బేగంకు మగ డ్రైవరు పనికిరాడు. పెట్రోలు కారు హ్యాండిలు తిప్పే బలం ఆడదానికి లేదని మగవాళ్లే తీర్మానించారు. ఈ కారుకు హ్యాండిలు లేదు, గేర్లు లేవు. ఒక కడ్డీ ముందుకు తోస్తే పోతుంది, ఇంకో కడ్డీ పక్కకు తిప్పితే తిరుగుతుంది. దేవిడీ వాకిళ్లు ఊడ్చే ఆండాలును చీపురు పక్కన పెట్టించి తెచ్చి కూర్చోబెట్టారు. పంతొమ్మిదేళ్ల తరవాత బేగం చనిపోతూ కారు ఆమెకే ఇచ్చి పోయింది. నవాబు అడ్డు చెప్పలేదు. ఆయనకు అప్పటికి ఐదు పెట్రోలు కార్లున్నాయి.

తరవాత రెండో యుద్ధం వచ్చింది. పెట్రోలు కూపన్ల మీద ఇవ్వడం మొదలయ్యాక ఆ ఐదు కార్లూ బట్టలు కప్పుకుని కూర్చున్నాయి. ఆండాలు కారు మాత్రం లాల్‌దర్వాజా సందుల్లో ఆడవాళ్లను ఎక్కించుకుని తిరిగేది. పొగ ఉండదు కనక నెలలు నిండినవాళ్లకు కడుపులో తిప్పదు. చప్పుడు ఉండదు కనక పాలవాళ్ల గేదెలు బెదరవు. చప్పుడు లేకపోవడం వల్ల మనుషులూ జరగరు, అది వేరే సంగతి. ప్రతి మలుపులోనూ ఆండాలే తల బయటపెట్టి "జరుగుండ్రి, జరుగుండ్రి!" అని అరవాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. నిండా కరెంటు నింపితే పద్దెనిమిది మైళ్లు, అంతే. ఎక్కుడు వస్తే ఎద్దుబండి దాటిపోతుంది. ఆసిడ్ చుక్కలు పడి ఆమె చీరలన్నిటికీ చిల్లులే. నింపాలంటే ఉప్పుగూడలో పిండిగిర్నీకి తీసుకెళ్లి, మిస్త్రీ సీమోను చేత డైనమోకు తగిలించి, ఒక పగలంతా వదిలేయాలి.

ఇంకొకటి. మనసులో సిగ్గు పెట్టుకున్న మనిషి ఎక్కితే కారుకు బరువవుతుంది. ఎంత మిగిలిందో చూపే నూరు గీతల పలక మీద ముల్లు తొందరగా పడిపోతుంది. ముల్లు అలా పడుతుందని అందరికీ తెలుసు.

"ఏందే బుచ్చమ్మా, ముల్లు రెండు గీతలు ఎక్కువ దిగింది. ఏం చేసినవ్?" అని ఆండాలు పక్కింటి బుచ్చమ్మను అడిగేది.

"అత్త దాచిన బెల్లం తిన్ననక్కా. నీ కారు పాడుగాను, గంత బెల్లానికి రెండు గీతలా?"

అయితే బస్తీ దాన్ని సిగ్గు అనలేదు, తప్పు అంది. తప్పు చేసినవాళ్లు బరువు, చెయ్యనివాళ్లు తేలిక. అందుకే నాలుగేళ్ల కింద నీలమ్మ తగువులో పాలవాళ్ల పంచాయితీ పెద్ద ఈశ్వరయ్య ఆండాలును పిలిపించి కుర్చీ వేశాడు.

ఆ కుర్చీ గురించి చెప్పాలి. పంచాయితీలో ఆడవాళ్లు గోడ పక్కన నిలబడతారు. అడిగితేనే మాట్లాడతారు, అడగరు. అక్కడ ఒక ఆడదానికి కుర్చీ వేయడం అదే మొదలు. ఆండాలు కూర్చుంది. వీపు నిటారుగా పెట్టింది. చుట్టూ ఉన్న మగవాళ్ల తలపాగాలు మొదటిసారి ఆమెకు సమానమైన ఎత్తులో కనిపించాయి.

మరిది గదిలోంచి వస్తుండగా చూశామని నీలమ్మ మీద అభియోగం. ఆండాలు ఆమెను చాంద్రాయణగుట్ట దాకా తీసుకెళ్లి తెచ్చింది. ఆ దూరానికి మామూలు మనిషితో పోతే అరవై గీతలు మిగలాలి. పన్నెండు మిగిలాయి. మర్నాడు మరిదిని తిప్పితే అరవై రెండు. ఆండాలు కుర్చీలోంచి లేచి, చూసింది చూసినట్టు చెప్పింది. నీలమ్మను షాద్‌నగర్‌లో తల్లిగారింటికి పంపేశారు. నాలుగేళ్ల కూతురిని అత్తగారింట్లో ఉంచేసుకున్నారు.

కారు తూచేది తప్పును కాదని ఆండాలుకు తెలియక కాదు. బేగం ఏ తప్పూ చెయ్యలేదు. నవాబు మూడో పెళ్లి చేసుకున్న రోజు ఆమె అన్నగారింటికి బయలుదేరితే కారు చార్మినారు దాటలేక ఆగిపోయింది. మర్నాడు అదే కారులో కొత్త పెళ్లికొడుకు నవాబు సరదాగా ఊరు చూడబోతే, పద్దెనిమిది మైళ్ల కారు ఇరవై రెండు మైళ్లు పోయింది. ఆండాలు ఇవన్నీ కళ్లతో చూసింది. పంచాయితీలో చెప్పలేదు. చెబితే కుర్చీ తీసేస్తారు.

నీలమ్మను పంపిన ఏడు నుంచి కారు పన్నెండు మైళ్లకు మించి పోవడం మానేసింది. బ్యాటరీ ముసలిదైందని అందరూ ఒప్పుకున్నారు. అరవై మిగిలే చోట నలభై మిగిలితే చాలని లెక్క మార్చుకున్నారు.

"ఒక్కపారి షాద్‌నగర్ పోయి నీలమ్మను చూసి రారాదక్కా?" అని బుచ్చమ్మ అడిగింది.

"ముప్పై మైళ్లాయె. కారు అంత దూరం యాడ పోతది?"

అది నిజమే. ఆమె చెప్పుకునే అబద్ధాలన్నిటి కన్నా ఆ నిజమే ఆమెకు ఎక్కువ పనికొచ్చింది.

నాలుగో ఏడు ఎండాకాలం గిర్నీలో సీమోను జాడీలన్నీ విప్పి చూశాడు.

"ఒక్కటి గూడ చెడలేదక్కా."

"మరి పన్నెండు మైళ్లకే ఎందుకు ఆగుతది?"

"ఎవరో ఒకరు ఎప్పటికీ బండిలనే ఉంటున్నరు. దిగుతలేరు."

"నేను గాక ఎవరుంటరు?"

సీమోను ఒంటి మీది పిండి దులుపుకున్నాడు. "గదే అంటున్న."

ఆండాలు కారు నింపుకుని బయలుదేరింది. ఇంటికి వచ్చేసరికి ఈశ్వరయ్య కబురు వచ్చి ఉంది. మళ్లీ కుర్చీ వేస్తున్నారు.

ఈసారి బాలమ్మ. పాలు పోసే బీరయ్య భార్య, పంతొమ్మిదేళ్లది. వాడుకగా పాలు పోయించుకునే గుమాస్తా వైకుంఠం తలుపు చాటున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎదురింటివాళ్లు చూశారు. ఆమే లోపలికి వచ్చిందని వైకుంఠం అన్నాడు. నలభై గీతలు మిగలకపోతే బాలమ్మ పుట్టింటికి పోవాలి. రెండేళ్ల కొడుకు ఇక్కడే ఉండాలి. బీరయ్య గేదె కొమ్ముకు నూనె రాస్తూ కూర్చున్నాడు.

మొదట వైకుంఠం ఎక్కాడు. దారి పొడుగునా ఈల వేశాడు. నలభై మూడు మిగిలాయి.

"చూసిండ్రా? నాకేం ఫికర్?" అని దిగి తువ్వాలు దులుపుకున్నాడు.

కారు నింపడానికి ఒక రోజు పట్టింది. ఆ తరవాతి పొద్దున బాలమ్మ ఎక్కింది. సాక్షిగా ఈశ్వరయ్య సైకిలు మీద వెనక వచ్చాడు. ఉప్పుగూడ మలుపు దాటకముందే ముల్లు డెబ్భైకి పడింది.

"చెయ్యి పట్టుకున్నది ఆయన," అంది బాలమ్మ. "నాకెందుకు సిగ్గయితుంది పెద్దమ్మా? నాలుగు రోజుల సంది చెయ్యి కడుగుతనే ఉన్న. ఇంక పోతలేదు."

ఆండాలు కడ్డీ పట్టుకుని ముందుకే చూసింది.

"పంచాయితీల చెప్పినవా?"

"చెప్పిన. నువ్వు మాట్లాడకు, కారు చెప్తది అన్నరు."

చాంద్రాయణగుట్ట ఎక్కుడులో ముల్లు ముప్పైకి, తిరుగుదారిలో ఐదుకు వచ్చింది. ఇల్లు ఇంకా మైలున్నర ఉంది. బాలమ్మ కొంగును వేళ్లకు చుట్టి చుట్టి తాడులా చేసింది.

ఆండాలు కారు ఆపింది. "దిగు బిడ్డా."

బాలమ్మ దిగి రోడ్డు పక్కన నిలబడింది. ఆండాలు ఒక్కతే కూర్చుని కడ్డీ తోసింది. కారు నాలుగు బారలు పోయింది. ముల్లు సున్నా మీద పడింది.

ఈశ్వరయ్య సైకిలు దిగి పలకలోకి తొంగి చూశాడు. "సున్నా. తేలిపాయె."

"తేలలే. పిల్ల దిగినప్పుడు ఐదుంది. సున్నాకు దించింది నేను."

"నువ్వా? నువ్వేం తప్పు జేసినవ్?"

"నీలమ్మను పంపిన. అన్నా, గీ కారుకు తప్పు తెల్వదు. సిగ్గే తెలుసు. సిగ్గు లేనోడు దూదిలెక్క తేలిక. నీలమ్మ మరిది గట్లనే తేలిండు, మొన్న వైకుంఠం ఈల ఏసుకుంట తేలిండు. చెయ్యి పట్టినోనికి బరువు లేదు, పట్టించుకున్న పిల్లకు ఉన్నది. బేగం సాహెబా కాలం నుంచి నాకు ఎరుకే."

"ఎరుకైతే నాలుగేండ్ల సంది ఎందుకు చెప్పలే?"

"కుర్చీ ఏసినవ్ గద."

ఎండ ముదురుతోంది. ఈశ్వరయ్య తలపాగా తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"నమ్మకపోతే రేపు నింపుకొస్త. నువ్వు ఎక్కు. నీలమ్మ తీర్పు నువ్వే ఇచ్చినవ్."

ఈశ్వరయ్య సీటు వైపు చూశాడు. ముల్లు పడినా చిక్కే, పడకపోయినా చిక్కే.

"బీరయ్యను గేదెలు తోలుకొని రమ్మంట. బండి గుంజాలె," అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

రెండు గేదెలు ఆ కారును లాల్‌దర్వాజాకు లాక్కొచ్చాయి. వెనక బాలమ్మ, ఆండాలు నడిచి వచ్చారు. బండి మధ్యలో ఆగింది కనక ఆ రోజు లెక్క లెక్క కాదని, ఇకమీదట తగువుల్లోకి కారును తేవద్దని పంచాయితీ చెప్పింది. బాలమ్మ కొడుకుతో ఇంట్లోనే ఉంది. వైకుంఠానికి పాలు పోయడం మానేశారు. అంతకన్నా పెద్ద శిక్ష వాళ్లకు తోచలేదు. ఆండాలు కుర్చీని ఎవరో లోపలికి తీసుకుపోయారు.

ఆ వారం ఆండాలు నీలమ్మ అత్తగారింటికి వెళ్లింది. అక్కడ రెండో భార్య వచ్చి రెండేళ్లయింది. ఎనిమిదేళ్లొచ్చిన నీలమ్మ కూతురు గిన్నెలు తోముతోంది. చెయ్యి పట్టుకుని తీసుకొస్తే ఎవరూ ఆపలేదు. ఈ పని ఎప్పుడైనా చెయ్యగలిగేదని ఆండాలుకు అప్పుడు అర్థమైంది. ఇద్దరూ ఫలక్‌నుమాలో రైలెక్కారు. షాద్‌నగర్ రైలు ఆ నాలుగేళ్లూ రోజూ పోతూనే ఉంది.

నీలమ్మ తలుపు తీసింది. కూతురిని చూసింది, తరవాత ఆండాలును చూసింది. పిల్లను లోపలికి తీసుకుని తలుపు వేసుకుంది.

ఆండాలు ఇంకో ఐదేళ్లు కారు నడిపింది. పన్నెండు మైళ్లు దాటి ఒక్కసారీ పోలేదు.