దగ్గులు తీసేసిన పాఠం

మధ్యాహ్నం భోజనం కాగానే దాదాపీర్ ఆకివీడు బజారులోని తన ఫోటో స్టూడియోకి షట్టరు సగం దించి మోపెడ్ తీసేవాడు. పాస్‌పోర్టు ఫోటోలకని ఎవరైనా వస్తే పక్కనున్న చెప్పుల కొట్టాయన, "క్లాసుకి వెళ్ళారండి, నాలుగింటికి వచ్చేస్తారు" అని చెప్పేవాడు. అరవై దాటిన మనిషికి క్లాసేమిటని ఎవరూ అడిగేవారు కాదు. చేపల చెరువుల మధ్య గట్టు రోడ్డు పట్టుకుని, ఐసు లారీలకి దారిస్తూ, దాదాపీర్ కొల్లేటి లంకలో ఉన్న హైస్కూలు చేరేవాడు. పదో తరగతి గదిలో చివరి బెంచీ ఆయనది. లెక్కలకో సైన్సుకో గంట కొట్టగానే గోడకున్న పెద్ద టీవీలాంటి ప్యానెల్ వెలిగేది. అందులోకి ఆయన కూతురు షాహీన్ వచ్చి పాఠం చెప్పేది. షాహీన్ చనిపోయి అప్పటికి ఏడాది కావస్తోంది.

బతికుండగా ఆ బడిలో లెక్కలూ సైన్సూ రెండూ ఆమే చెప్పేది. లెక్కల పీరియడంటే కడుపునొప్పి తెచ్చుకునే పిల్లల కోసం చిన్న చిన్న వీడియోలు చేసేది. మూడు నిమిషాలు దాటితే పిల్లలు దిక్కులు చూస్తారని ఆమె లెక్క. తీసేదీ, కత్తిరించేదీ, పైన పాఠం పేరు వేసేదీ తండ్రే. తాటి దోనె నీళ్ళ మీద ఎందుకు తేలుతుందో దోనెలో కూర్చునే చెప్పింది. భిన్నాలు చెప్పడానికి బొచ్చె చేపని ముక్కలు కోసి పెట్టుకుంది. పిల్లలకి భిన్నమే గుర్తుందో పులుసే గుర్తుందో తెలీదు గానీ మార్కులు మాత్రం వచ్చాయి.

వీడియోల ఆలోచన అసలు దాదాపీర్‌దే. కూతురు దగ్గుతూంటే చాక్‌పీసు దుమ్ము పడటం లేదనుకున్నారు ఇద్దరూ. తల్లి రహీమా షాహీన్ చిన్నప్పుడే పోయింది, అది దుమ్ము దగ్గు కాదని చెప్పే ఆడదిక్కు ఇంట్లో లేదు. బోర్డు మీద రాసే పని తగ్గితే దగ్గూ తగ్గుతుందన్నాడు దాదాపీర్. తగ్గలేదు. మాట మధ్యలో దగ్గొచ్చి ఆమె ఆగిపోయినప్పుడల్లా కెమెరా వెనక నుంచి ఒకటే మాట అనేవాడు.

"దగ్గు నేను తీసేస్తాలే తల్లీ, నువ్వు చెప్పు."

తీసేసేవాడు కూడా. పెళ్ళి వీడియోల్లోంచి వియ్యాలవారి తగాదాలు ఆనవాలు లేకుండా ఎగరగొట్టిన చెయ్యి అది. అతుకు ఎక్కడుందో ఎవరికీ దొరికేది కాదు. నెలల తరబడి కూతురి దగ్గుల్ని ఒక్కొక్కటే వెతికి పట్టుకుని, కోసి పారేసి, పాఠం ఎంత శుభ్రంగా వచ్చిందోనని మురిసిపోయాడు. ఏలూరు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేసరికి ఊపిరితిత్తులు రెండూ పాడైపోయి ఉన్నాయి. టీబీ, బాగా ముదిరిపోయింది. "ఇన్నాళ్ళూ ఏం చేశారండీ?" అని డాక్టరు అడిగాడు.

ఆమె పోయాక బడికి కొత్త టీచరుని వెయ్యలేదు. హెడ్మాస్టరు కోదండరామయ్య గారు చేసేది లేక పాత వీడియోలే పెట్టించారు. మొదటి రోజే నిహారిక అనే పిల్ల అలవాటు కొద్దీ చెయ్యెత్తి, "అర్థం కాలేదండీ మేడమ్" అంది. ప్యానెల్లో షాహీన్ చెబుతున్నది ఆపి, "ఎక్కడిదాకా అర్థమైంది?" అని అడిగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. గోల విని వచ్చిన కోదండరామయ్య గారు గుమ్మంలోంచే కేకలేశారు, "అందరూ ఒక్కసారి అరిస్తే మేడమ్ గారికి ఏం వినపడుతుందిరా? చెయ్యెత్తి ఒక్కొక్కళ్ళే అడగండి." ఆ తర్వాత ఏలూరు నుంచి తనిఖీకి వచ్చిన అధికారి కూడా కూర్చుని విని, బోధన బాగుంది, వెనక వాళ్ళకి కనపడేలా ప్యానెల్ ఇంకాస్త పైన పెట్టించండని చెప్పి వెళ్ళిపోయాడు.

ఈ కబురు తెలిసిన పూట దాదాపీర్ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు. ప్యానెల్ ముందు నిలబడి, "తల్లీ, ఎలా ఉన్నావమ్మా?" అన్నాడు. షాహీన్ తన మానాన తను త్రిభుజం గీసుకుపోయింది. "నేను, అబ్బాజాన్‌ని" అన్నాడు. ఆమె రెండో త్రిభుజం గీసింది. పిల్లలకి జాలేసింది.

"అలా అయితే పలకరండి తాతగారూ" అంది నిహారిక. "పాఠంలోది అడగాలి. పాఠంలోది అయితే ఎన్నిసార్లు అడిగినా విసుక్కోరు."

ఏడో తరగతితో చదువు మానేసిన మనిషి దాదాపీర్. ఆ పిల్ల దగ్గరే పుస్తకం తీసుకుని, స్టూడియోలో కూర్చుని వేళ్ళు మడిచి చదివాడు. ఒకరోజు చెయ్యెత్తి, "మైనస్సుని మైనస్సుతో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందండీ?" అనడిగాడు. కన్న కూతుర్ని అండీ అనడం ఆయనకే వింతగా ఉంది.

"మంచి ప్రశ్న" అంది షాహీన్, ఆయన వైపు తిరిగి. అని, ఏ పిల్లాడికైనా చెప్పినట్టే చెప్పింది. ఆ రెండు మాటలూ పట్టుకుని ఇంటికెళ్ళి, దాదాపీర్ అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు. మర్నాటి నుంచి ఇక ఆ బెంచీ వదల్లేదు. ఏదో ఒక రోజు తనని తండ్రిగా పలకరించకపోతుందా అన్న ఆశ ఒక్కటే ఆయన్ని నడిపిస్తోంది.

చలి మొదలయ్యేసరికి ఆయనకీ దగ్గు పట్టుకుంది. షాహీన్ పోయిన కొత్తలోనే ఊరి నర్సమ్మ రత్నాంబ గారు ఇంటికొచ్చి, "ఇంట్లోవాళ్ళు కూడా పరీక్ష చేయించుకోవాలండీ, మీరొక్కసారి రండి" అని చెప్పింది. "అలాగేనమ్మా" అన్నాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ అలాగేనన్నాడు. ఎందుకు చేయించుకోవాలో ఆయనకి తోచలేదు. బతికి బావుకునేదేముంది! వచ్చేదేదో వస్తే కూతురి దగ్గరికే పోతాననుకున్నాడు. దగ్గొచ్చినప్పుడు భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, దుమ్మని చెప్పేవాడు.

ఇంతలో శ్వాసక్రియ పాఠం వచ్చింది. షాహీన్ ఆఖరున చేసిన వీడియో అదే. దాదాపీర్ మళ్ళీ ఎన్నడూ చూడలేకపోయిందీ అదే. తెల్లవారుజామున చెరువు గట్టు మీద తీశారు. ఆ పొద్దు ఆమె చెప్పిన దానికంటే దగ్గిందే ఎక్కువ.

ప్యానెల్లో చెరువు కనిపించింది. నీళ్ళ మీదికి చేపలు తేలి నోళ్ళు తెరుస్తున్నాయి.

"చూశారా?" అంది షాహీన్. "రాత్రంతా గడిచేసరికి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. అందుకని ఊపిరాడక పైకొస్తున్నాయి. చేప నోరు తెరిచి చెప్పలేదు. పైకి తేలడమే అది చెప్పడం. రైతు అది చూశాడంటే పరుగెత్తుకెళ్ళి నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్ వేస్తాడు. చూసి ఊరుకోడు."

దాదాపీర్‌కి లోపలి నుంచి దగ్గు తెర తెరలుగా పొంగుకొచ్చింది. తువ్వాలు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

షాహీన్ పాఠం ఆపేసింది. పిల్లల తలల మీదుగా చివరి బెంచీ వైపు చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి అబ్బాజాన్, ఆ దగ్గు?"

ఏడాదిగా ఆ పిలుపు కోసమే బతికిన మనిషి, అది వచ్చేసరికి తువ్వాలు మడిచి ఒళ్ళో దాచుకున్నాడు.

"ఏం లేదమ్మా" అన్నాడు. "దుమ్ము."

ఆమె అలా చూస్తూనే ఉంది. మూడు నిమిషాల పాఠం ఎప్పుడో అయిపోవలసింది, అవలేదు. దాదాపీర్ లేచి నిలబడ్డాడు.

"ఆ మాట నేను అడగాల్సింది తల్లీ. నిన్ను నేను అడగాల్సింది. అడక్కుండా కోసి పారేశాను."

అది పాఠంలోది కాదు. షాహీన్ దానికి జవాబు చెప్పలేదు.

"పిల్లల మధ్య కూర్చున్నారేమిటి?" అంది, బతికున్నప్పుడు మందలించినట్టే. "రత్నాంబ గారి దగ్గరికి వెళ్ళండి. ఇప్పుడే వెళ్ళండి. మీరు వెళ్తేగానీ నేను పాఠం చెప్పను."

ఆ గదిలో ఉంటే ఆమె కనబడుతుంది, బయటికెళ్తే కనబడదు. దాదాపీర్ ఒక్కసారి ప్యానెల్ వైపు కళ్ళారా చూసుకుని, తువ్వాలు నోటికి గట్టిగా అదుముకుని నడిచాడు. గుమ్మం దాటాక వెనక నుంచి, "సరే, చేప మొప్పల దగ్గర కదా ఆగాం" అన్న గొంతు వినబడింది.

పరీక్షలో టీబీ ఉందనే తేలింది. ఇంకా ముదరలేదు, మందులకి లొంగుతుందన్నారు. క్లాసులో పిల్లలకీ చూశారు, ఎవరికీ ఏమీ లేదు. అది విన్న రోజున దాదాపీర్ నమాజు చాపమీంచి చాలాసేపు లేవలేదు. ఆరు నెలలు పూట తప్పకుండా మాత్రలు మింగాడు. అవి మింగితే వాంతులు, కళ్ళు తిరగడం. అయినా మింగాడు. చావాలనుకున్న మనిషికి అంత శ్రద్ధ ఎక్కడిదని చెప్పుల కొట్టాయన నవ్వితే, "మా మేడమ్ గారి ఆర్డరండీ" అన్నాడు.

జబ్బు పూర్తిగా పోయిందని డాక్టరు చెప్పాక మళ్ళీ బడికి వెళ్ళాడు. అప్పటికి హేమంత్‌కుమార్ అనే కొత్త టీచరు వచ్చాడు. వీడియోల్లో షాహీన్ ఇప్పుడు ఎవరు చెయ్యెత్తినా ఆగడం లేదట, చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోతోందట.

"చేపల పాఠం ఒక్కటి మాత్రం పెరిగిందండీ" అన్నాడు హేమంత్‌కుమార్ మెల్లగా. "మూడు నిమిషాలది పదకొండయింది. మధ్యమధ్య మేడమ్ గారు దగ్గుతున్నారు. మీరు కాస్త సరిచేసి ఇస్తారేమోనని..."

"వద్దండీ" అన్నాడు దాదాపీర్. "దాన్నలా ఉండనివ్వండి. ఒక్కసారి పెడతారా?"

ప్యానెల్ వెలిగింది. చెరువు, మంచు, గట్టు మీద సన్నగా చిక్కిపోయిన పిల్ల. రెండు మాటలు చెప్పి షాహీన్ దగ్గింది. వంగిపోయి దగ్గింది. కెమెరా వెనక నుంచి దాదాపీర్ గొంతే వినబడింది, తీసేస్తాలే తల్లీ, నువ్వు చెప్పు అని. ఆమె కళ్ళు తుడుచుకుని, తండ్రి వైపు చూసి నవ్వి, మళ్ళీ చేపల దగ్గరికి వచ్చింది. మళ్ళీ దగ్గింది.

దాదాపీర్ చివరి బెంచీలో చేతులు కట్టుకుని కూర్చుని, ఈసారి ఒక్కటీ వదలకుండా విన్నాడు.