దానమ్మ అడిగి తెచ్చుకున్న కుర్చీ

నేను ఒక ప్లాస్టిక్ కుర్చీని. ముఖం చిట్లించకండి. టేకు కుర్చీలూ తాతలనాటి పడక కుర్చీలూ తప్ప ఇంకెవరూ తమ కథ చెప్పుకోకూడదని ఎక్కడా రాసి లేదు. నాకూ నాలుగు కాళ్ళున్నాయి, రెండు చేతులున్నాయి, మీలో చాలామందికి లేని ఓపిక కూడా ఉంది.

విశాఖపట్నం పొలిమేరల్లో ఒక కర్మాగారంలో పుట్టాను. నాకు బాల్యమంటూ లేదు. అచ్చులోంచి బయటపడ్డ వేడి చల్లారకముందే లారీ ఎక్కించి ఒక టెంట్ హౌస్‌కి పంపేశారు. అక్కడి యజమాని నా వీపు మీద ఎర్ర రంగుతో తన పేరు రాయించుకున్నాడు. ఆయన పుణ్యమా అని పెళ్ళిళ్ళూ సభలూ సంతాపాలూ అన్నీ చూశాను. పెళ్ళిలో ముందు వరస దొరకలేదని అలిగి భోజనం చేయకుండా వెళ్ళిపోయిన మేనమామలను చూశాను. సంతాప సభలో కూడా ముందు వరసకే ఎగబడే పెద్దమనుషులను మోశాను. ఎక్కడ కూర్చున్నామన్న దాని మీద ఈ మనుషులకు ఇంత పట్టింపు ఏమిటా అని లోలోపల నవ్వుకునేదాన్ని. ఆ నవ్వు తర్వాత జాలరిపేటలో వదిలింది.

టెంట్ హౌస్ మూతపడ్డాక చేపలమ్మే పోలమ్మ నన్ను కొనుక్కుంది. ఖాళీ చేపల గంప చంకన పెట్టుకుని, నన్ను నెత్తిమీద పెట్టుకుని, బజారు నుంచి జాలరిపేట దాకా మోసుకొచ్చింది. ఆ సందులో కుర్చీ అంటే నేనే. ఇక చూడండి నా వైభోగం. పెళ్ళిచూపులకు వచ్చిన వాళ్ళకు నేనే, సూది మందు వేసే ఆర్ఎంపీ డాక్టరుకు నేనే. ఎవరింటికి చుట్టాలొచ్చినా పోలమ్మ అరుగు మీదికొచ్చి నన్ను ఎత్తుకెళ్ళేవారు, పని కాగానే తెచ్చి పెట్టేవారు. పోలమ్మ ఏనాడూ కాదనలేదు. ఆ తల్లికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

ఎదురింట్లో దానమ్మ, ఆమె మొగుడు మసేను ఉండేవారు. మసేను బోటు మీద వేటకెళ్ళేవాడు. ఒక ఏడు అతనికి చెవుల్లో ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడడం మొదలైంది. నిద్ర పోయింది, తిండి పోయింది, సందులో వాళ్ళంతా తనను చంపాలని చూస్తున్నారని భయం పట్టుకుంది. దానమ్మ ఎవరి మాటా వినకుండా పెద్ద మానసిక ఆసుపత్రిలో చేర్పించింది. మందులతో ఆ మాటలు ఆగిపోయాయి, మనిషి మనిషయి ఇంటికొచ్చాడు. కానీ బోటు నడిపే సరంగు ఎల్లాజీ అతన్ని వెంటనే ఎక్కించుకోలేదు. నడిసంద్రంలో మళ్ళీ అలా అయితే మిగతా వాళ్ళ ప్రాణాలకు ఎవరు పూచీ అన్నాడు. తప్పు పట్టలేం. కొన్నాళ్ళు చూద్దామన్నాడు, దానమ్మ ఆ మాట పట్టుకుని బతుకుతోంది. ఇంతలో మసేను ఆసుపత్రికి వెళ్ళడం మానేశాడు.

అప్పుడొచ్చింది ఇందుమతి. బొబ్బిలి దగ్గరి పిల్ల, సోషల్ వర్క్‌లో పీజీ చదువుతోంది. వారంలో కొన్ని రోజులు కాలేజీలో పాఠాలు, మిగతా రోజులు ఆసుపత్రిలో ఫీల్డ్‌వర్క్. మందులు మానేసిన వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఎందుకు మానేశారో కనుక్కుని, మళ్ళీ దారిలో పెట్టడం ఆమె పని. మనుషులతో మాట్లాడడానికి కూడా చదువు కావాలా అని ఇంటి దగ్గర బంధువులు ఆటపట్టించేవారట. కావాలో అక్కర్లేదో నేను కళ్ళారా చూశాను.

ఆసుపత్రి నుంచి మేడమ్ వస్తోందని తెలియగానే దానమ్మ పరుగున వచ్చి నన్ను తీసుకెళ్ళింది. కొంగుతో తుడిచింది, మళ్ళీ తుడిచింది. సందులోంచి చూస్తే కనపడేలా సరిగ్గా గుమ్మానికి ఎదురుగా వేసింది. ఇందుమతి వచ్చింది, నన్ను చూసి నవ్వింది, పర్వాలేదండీ అంటూ నా పక్కనుంచి వెళ్ళి దానమ్మకు ఆనుకుని నేలమీద కూర్చుంది. దానమ్మ చేతిని తన చేతిలోకి తీసుకుంది, తల వంచి గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టింది. ఎదుటివాళ్ళు నేలమీద ఉంటే మీరు కుర్చీ ఎక్కకండి, వాళ్ళకు సమానంగా కూర్చోండి అని క్లాసులో చెప్పారట. పాఠం బంగారంలాంటిది. నేను మాత్రం ఇంటి నడుమ ఖాళీగా నిలబడి, దానమ్మ ముఖం మాడిపోవడం చూస్తున్నాను. ఏం అడిగినా బాగానే ఉన్నాడు, మాత్రలు వేసుకుంటున్నాడు అని ముక్తసరిగా చెప్పి పంపించేసింది. పెరటి తలుపు వెనక ఉన్న మసేను బయటికే రాలేదు.

తర్వాతి వారం ఇందుమతి వస్తే తలుపు వేసి ఉంది. ఆ పై వారమూ అంతే. పోలమ్మ జాలిపడి అరుగు మీద నన్ను వేసి కూర్చోబెట్టింది. పాపం, పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఈ చదువు తనకు చేతకాదేమోనని, ఈ ఇంటి పని ఇంకెవరికైనా అప్పజెప్పమని కాలేజీలో పాఠం చెప్పే మేడమ్‌ని అడుగుతానని అంది. సరిగ్గా అప్పుడే దానమ్మ చేపల బజారు నుంచి వచ్చింది. గంప దించకుండానే ఎదురుగా నిలబడింది.

“ఎందుకమ్మా మళ్ళీ వొచ్చేవు? మా ఇంటికొచ్చి సావింటికొచ్చినట్టు నేలమీద కూకున్నావు. సెయ్యి పట్టుకున్నావు. తల దించుకున్నావు. సందంతా సూసింది. నా మొగుడికేటైపోయిందోనని ఆ సాయంత్రం ఆడోళ్ళంతా నా గుమ్మంలోకొచ్చేరు. ఎల్లాజీ మావ సెవిన పడింది. ఇప్పుడప్పుడే బోటుకి రావొద్దని కబురెట్టేడు. నాను కుర్సీ ఎందుకు తెచ్చేనో నీకు తెల్దా? మా ఇంటికీ సుట్టాలొత్తారని నలుగురూ సూడాలని తెచ్చేను.”

ఇందుమతి లేచి నిలబడింది. సర్దిచెప్పబోలేదు, పాఠం అలా ఉందని అనలేదు. తప్పయిపోయింది దానమ్మక్కా అంది, అంతే. దానమ్మ గంప దించకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆ సంగతంతా ఇందుమతి కాలేజీలో తన మేడమ్ రత్నమాణిక్యం గారికి చెప్పుకుంది. ఆవిడ ఆ ఇల్లు ఇంకెవరికీ ఇవ్వనన్నారట. సమానంగా కూర్చోమని చెప్పాను గానీ, ఎలా కూర్చుంటే గౌరవమో ఆ ఇంటివాళ్ళనే అడగమని చెప్పడం మరిచాను, ఆ సగం తప్పు నాది, మళ్ళీ వెళ్ళు అన్నారట. తన సగం తప్పు తాను తీసుకున్న ఆ పంతులమ్మను నేనెప్పుడూ చూడలేదు. అయినా ఆవిడకు నా నమస్కారం.

ఈసారి ఇందుమతి తలలో పూలు పెట్టుకుని, అరటిపళ్ళు పట్టుకుని వచ్చింది. నేరుగా గుమ్మంలో నిలబడి, “అక్కా, కుర్చీ వేస్తావా?” అని అడిగింది. దానమ్మ సందు దాటి వచ్చి నన్ను ఎత్తుకుంది.

అబ్బ, ఆ రోజు ఇందుమతి నాలో కూర్చున్న తీరు చూడాలి. వెనక్కి ఆనుకుని, కాలు మీద కాలు వేసుకోకుండా, ఇంటి ఆడపడుచులా కూర్చుంది. టీ అడిగి తాగింది. వంజరం వేపుడు పెడితే కారానికి ముక్కు తుడుచుకుంటూ తిని, ఇంకో ముక్క అడిగింది. బొబ్బిలి కబుర్లు చెప్పి నవ్వించింది. సందులో పోయేవాళ్ళు తొంగిచూసి, మసేనోళ్ళకి సుట్టాలొచ్చినట్టున్నారు అనుకుంటూ పోయారు. మాత్రల మాట ఆమె ఎత్తలేదు.

ఆ నవ్వులు విని మసేను పెరట్లోంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తనే నోరు విప్పాడు.

“మాత్ర ఏసుకుంతే సెయ్యి వణుకుతాదమ్మా. వలకి ముడెయ్యలేను. వణికేవోడ్ని బోటెవుడెక్కించుకుంతాడు?”

అదీ సంగతి. బోటు ఎక్కడం కోసమే మాత్రలు మానేశాడు పిచ్చి మారాజు. మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, తిరగబెడితే ఇక ఏ బోటూ ఎక్కనివ్వదు. దానమ్మకు కూడా ఈ మాట చెప్పలేదట.

“ఈ సంగతి డాక్టరుగారికి చెప్పావా అన్నా?” అంది ఇందుమతి.

“ఎవులూ అడగలేదు.”

“నేనూ అడగలేదు. పద, ముగ్గురం వెళ్ళి చెబుదాం.”

వెళ్ళారు. డాక్టరు మందు మార్చాడు, వణుకు తగ్గడానికి ఇంకో మాత్ర కలిపాడు. ఒక్కరోజులో తగ్గలేదు. మసేను రోజూ గుమ్మంలో కూర్చుని పాత వలకు ముళ్ళు వేసేవాడు, విప్పేవాడు, మళ్ళీ వేసేవాడు. మధ్యలో రెండుసార్లు మాత్రలు విసిరికొట్టాడు, దానమ్మ ఏరి తెచ్చింది. ఇందుమతి వారం వారం వచ్చేది. వచ్చినప్పుడల్లా నేను వెళ్ళేవాణ్ణి... చూశారా, మురిసిపోతూ నేనెవరినో మరిచాను, వెళ్ళేదాన్ని. ఒక సాయంత్రం ఎల్లాజీ తనంత తానుగా వచ్చాడు. నాలో కూర్చుని చుట్ట కాలుస్తూ మసేను చేతుల వంకే చూశాడు. లేచి వెళ్తూ, “అమాసెల్లేక వొచ్చీరా” అన్నాడు.

ఇందుమతి పరీక్ష పాసయింది. ఈ ఇంటి విషయంలో ఏ సిద్ధాంతం వాడావని వైవాలో పెద్దలు అడిగారట. చేపలు తిన్నానని చెప్పలేక ఏదో ఇంగ్లీషు పేరు చెప్పి బయటపడిందట. మిఠాయి పంచుతూ ఈ మాట చెబితే పోలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇప్పుడు ఆ పిల్ల వేరే జిల్లా ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తోంది. అక్కడ ఎవరి ఇంట్లో ఏ కుర్చీలో కూర్చుంటోందో, ఆ కుర్చీ అదృష్టం. నాకైతే ఎండకు రంగు వెలిసింది, వీపు మీది పేరు చెరిగింది, ఒక కాలు పగులు ఇచ్చింది. పాత సామాన్లవాడు అడిగితే పోలమ్మ కసిరి పంపించింది.

ఎన్ని జరిగినా నాకు మనసులో నిలిచింది ఒక్కటే, మసేను మళ్ళీ వేటకెళ్ళిన రోజు. పొద్దు వాలుతుండగా దానమ్మ వచ్చి నన్ను ఎత్తుకుంది. పోలమ్మ ఎదురింటి వైపు చూసి, ఎవరొచ్చేరే అని అడిగింది. ఎవరూ రాలేదని చెప్పి దానమ్మ నన్ను ఇసుకలోకి మోసుకెళ్ళింది. నీళ్ళకు కాస్త ఇవతల వేసి, నాలో కూర్చుంది. ఎన్నిసార్లు నన్ను తుడిచి ఇంకొకరికి వేసిందో, తను కూర్చోవడం అదే మొదలు. చేతులు రెండూ నా చేతుల మీద గట్టిగా బిగించి, సముద్రం వైపే చూస్తోంది. నాలుగు కాళ్ళూ ఇసుకలో దిగబడుతున్నా నేను కదలకుండా ఆమెను పట్టుకున్నాను. ఒకటొకటిగా బోట్లు వస్తున్నాయి. ఎల్లాజీ బోటు వచ్చింది. ఒకరు దిగారు, ఇంకొకరు దిగారు.

తర్వాత మసేను దిగాడు, భుజం మీద వలతో.