హెల్లె ఇంటి సగం తోరణం

ఆ వీధిలో ఎవరికైనా పెళ్లయి పాతికేళ్లు నిండితే, వాళ్ల గుమ్మానికి పచ్చ తోరణం కట్టించాల్సింది గోడ పక్కింటివాళ్లు. ఇది ఎక్కడా రాసి లేదు. కానీ ఫ్యూన్ దీవిలో పుట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. హెల్లె, ఆమె మొగుడు ఎబ్బెల ఇంటికి గోడ పక్కిల్లు వీబెకెది.

వీబెకె మొగుడు టార్బెన్ ఫిబ్రవరిలో ఆమెని వదిలేసి వెళ్లిపోయాడు. వాళ్ల పాతికేళ్లు ఏప్రిల్‌లో నిండాల్సింది. అన్నేళ్లు భరించిన మనిషి ఇంకో రెండు నెలలు భరించలేకపోయాడు. కనీసం తోరణం కట్టించుకుని పోయినా బావుండేదని వీబెకెకి అప్పుడప్పుడూ అనిపించేది. అలా అనిపించినందుకు తన మీద తనకే చిరాకేసేది. మొగుడు పోయినందుకు కాదు, తోరణం పోయినందుకు ఏడుపొస్తోందని ఎవరితో చెప్పుకుంటుంది?

ఇప్పుడు జూన్. హెల్లె వాళ్ల వెండి పెళ్లి, అంటే పాతికేళ్ల పెళ్లిరోజు, శనివారం.

సోమవారం సాయంత్రమే గూడ్రున్ వచ్చి కంచె మీద మోచేతులు ఆన్చింది. వీధిలో అందరికంటే పెద్దావిడ ఆవిడే, అందరికంటే ముందు అన్నీ తెలిసేదీ ఆవిడకే.

"చూడమ్మాయ్, నీకు ఇబ్బందైతే చెప్పు. ఈసారికి నేను చూసుకుంటా. ఎవరూ ఏమీ అనుకోరు."

ఎవరూ ఏమీ అనుకోరంటే, అందరూ అప్పటికే కూర్చుని అనుకున్నారన్నమాట.

"ఇబ్బందేముంది గూడ్రున్ గారూ? హెల్లె నాకు చెల్లెలి లాంటిది."

"నీ సొంత చెల్లెలితో మాట్లాడి ఎన్నాళ్లయిందే?"

"అది వేరే సంగతి."

"ఊఁ," అని గూడ్రున్ కంచె వదిలిపెట్టింది. "కొమ్మలు మాత్రం తాజావి కొట్టించు. పోయినసారి కట్టినవి మధ్యాహ్నానికే రాలిపోయాయి."

వీబెకె, హెల్లె ఒకే వేసవిలో ఆ వీధికి వచ్చారు. ఇద్దరివీ జంట ఇళ్లు, ఒకే ఇటుక, ఒకే కిటికీలు. ఎండ మాత్రం హెల్లె పెరట్లోనే ఎక్కువసేపు ఉండేది. హెల్లె టమాటాలు ముందు పండేవి. హెల్లె మొగుడు గడ్డి కోస్తూ ఈల వేసేవాడు, టార్బెన్ గడ్డి కోస్తూ తిట్టుకునేవాడు. ఇవన్నీ చిన్నవే. కళ్లజోళ్ల దుకాణంలో రోజంతా నవ్వుతూ నిలబడి ఇంటికొచ్చిన వీబెకెకి, గోడ అవతల ఆ ఈల వినిపించగానే ఒంట్లో ఏదో పుల్లగా విరిగేది. అంతే.

చిన్నది కానిది ఒకటుంది. జనవరిలో ప్రతి గురువారం సాయంత్రం వీధిలో ఆడవాళ్లంతా గూడ్రున్ ఇంట్లో చేరేవారు. వీబెకెని పిలవలేదు. ఒకసారి కేకు పళ్లెం తిరిగివ్వాలన్న వంకతో వెళ్లి బెల్లు కొట్టింది. లోపల నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. హెల్లె తలుపు కొంచెమే తీసి, పళ్లెం అందుకుని, "థాంక్స్, మళ్లీ కలుద్దాం" అని మూసేసింది. అదే హెల్లె. చెల్లెలి లాంటిది.

వీధి వాళ్ల తోరణానికి చెక్క చట్రం ఒకటుంది. అది ఆక్సెల్ షెడ్డులో ఉంటుంది. రెండు ముక్కలు, నెత్తిన బోల్టుతో కలుస్తాయి. పెళ్లయి పన్నెండున్నరేళ్లయితే రాగి పెళ్లి, దానికి ఒక ముక్కే నిలబెడతారు. తోరణం ఒక పక్క నుంచి లేచి, గుమ్మం నడినెత్తి దాకా వచ్చి, గాల్లో ఆగిపోతుంది. మిగతా సగం ఇంకా సంపాదించుకోవాలని. వెండి పెళ్లికి మాత్రం రెండు ముక్కలూ కలవాలి.

గురువారం వీబెకె చట్రం కోసం వెళ్లేసరికి ఆక్సెల్ స్టూలు మీద కూర్చుని సైకిల్ గొలుసుతో కుస్తీ పడుతున్నాడు.

"ఆ మూల ఉంది, తీసుకోమ్మా. జాగ్రత్త, రంగు కొత్తది."

చట్రం నిజంగానే నిగనిగలాడుతోంది. దాని వెనక ఒక పెద్ద ప్లాస్టిక్ సంచి. విప్పితే కాగితం గులాబీలు, వందల్లో. లేత నారింజ రంగు. ఆ వీధిలో ఆ రంగు గులాబీ ఒకే గుమ్మం ముందు పూస్తుంది, వీబెకె గుమ్మం ముందు. సంచి అడుగున వెండి అట్టతో కత్తిరించిన ఒక వీ అక్షరం. దాని పక్కన ఇంకో అక్షరం ఉండేదనడానికి గుర్తుగా చింపిన అంచు.

"ఆ టార్బెన్ టీ అక్షరాన్ని గూడ్రున్ కత్తెరతో ముక్కలు ముక్కలు చేసిందిలే," అన్నాడు ఆక్సెల్ తలెత్తకుండా. "ఫిబ్రవరిలో. మహా కోపంగా ఉంది ఆ రోజు."

"ఇవి... గురువారాల్లో చేసినవా?"

"మరి? నెలంతా చేశారు మా ఆడంగులు. నీకు తెలీకూడదని ఎంత తంటాలు పడ్డారో. ఒకసారి నువ్వే బెల్లు కొట్టావట, అందరూ బల్ల కింద దాచేశారట." నవ్వి, మళ్లీ నవ్వకూడదేమో అనుకున్నట్టు ఆగాడు. "శనివారానికి అవి వాడేద్దాం అన్నాను నేను. హెల్లె వద్దంది. అవి వీబెకెవి, ఎవరూ ముట్టుకోవద్దంది. తనకి తెల్లవి కొత్తగా చేయించుకుంది."

ఇక్కడ వీబెకె మనసు కరిగిపోవాలి. కరగలేదు. జనవరి నుంచి భద్రంగా పెంచుకున్న కోపం ఒక్క నిమిషంలో తప్పని తేలితే ఎవరికి మాత్రం సంతోషంగా ఉంటుంది? పైగా ఇప్పుడు ఈ మంచితనం కూడా హెల్లెదే. మొగుడు దానిదే, టమాటాలు దానివే, తోరణం దానిదే, చివరికి పెద్ద మనసు కూడా దానిదేనా?

గులాబీ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది. కొన్ని పూలు విశాలంగా విచ్చుకుని ఉన్నాయి. చాలా పూలు మాత్రం చిన్నవి, బిగించినట్టున్నాయి, కాగితం పొదుపు చేసినట్టు. తన కోసం ఆ మాత్రం చాలనుకున్నారు కాబోలు.

ఆమె చట్రంలో ఒక ముక్కే భుజాన పెట్టుకుంది.

"రెండోది?" అన్నాడు ఆక్సెల్.

"దానికి పురుగు పట్టింది."

ఆక్సెల్ గొలుసు వదిలేసి ఆ ముక్క వంక చూశాడు, తర్వాత ఆమె వంక చూశాడు. మళ్లీ గొలుసు అందుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం వీబెకె గ్యారేజీలో వీధంతా చేరింది. క్రిస్మస్ చెట్టు కొమ్మలు కుప్పగా పడి ఉన్నాయి, బీర్ల పెట్టె చల్లగా ఉంది, బయట ఇంకా పట్టపగల్లా ఎండ. గోడ అవతల హెల్లె, ఎబ్బె కర్టెన్లు వేసుకుని తమకేమీ తెలియనట్టు కూర్చున్నారు. ఏమీ తెలియని ఆ ఇంటికి బేకరీ నుంచి మర్నాటికి నలభై రొట్టెలు ఆర్డరైన సంగతి అందరికీ తెలుసు.

గూడ్రున్ లోపలికొచ్చి, నేల మీదున్న సగం చట్రాన్ని చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇదేంటే? రాగి పెళ్లా?"

"రెండోది పాడైపోయింది. పురుగు," అంది వీబెకె, కొమ్మలు సర్దుతూ.

"చట్రానికి పురుగా? నిక్షేపంలాంటి చట్రానికి! ఏం ఆక్సెల్?"

గ్యారేజీ మొత్తం ఆక్సెల్ వైపు తిరిగింది. వీబెకె చేతిలో కొమ్మ ముళ్లు గుచ్చుకుంటున్నాయి, ఆమె వదల్లేదు. ఆక్సెల్ బీరు మూత తీసి, ఒక గుక్క తాగాడు.

"అవును. పురుగే," అన్నాడు. "ఒక్కోసారి పడుతుంది. దేనికైనా పడుతుంది."

"వెండి పెళ్లికి సగం తోరణం! నా జన్మలో చూళ్లేదు. సగం కాపురం చేశారన్నట్టుంటుంది," అని గూడ్రున్ సణుగుతూనే తీగ తీసుకుని కట్టడం మొదలెట్టింది. తక్కినవాళ్లూ కట్టారు. పాటలు పాడారు, ఎబ్బె ఈలని వెక్కిరించారు. వీబెకె అందరికంటే ఎక్కువ నవ్వింది.

తెల్లారేసరికి అంతా హెల్లె గుమ్మం ముందున్నారు. జెండా కర్రకి జెండా ఎక్కింది. తోరణం ఎడమ పక్క నుంచి లేచి, తెల్ల గులాబీలతో వంపు తిరిగి, తలుపు నెత్తిన గాల్లో తెగిపోయింది. పక్క వీధి కుర్రాడు బాకా ఊదాడు, అందరూ వేకువ పాట ఎత్తుకున్నారు.

తలుపు తెరుచుకుంది. ఎబ్బె చారల పైజమాలో, హెల్లె నైట్ గౌనులో. ఏమీ తెలియని హెల్లె జుట్టు మాత్రం సెలూన్లో చేయించినట్టు కుదురుగా ఉంది. ఆమె నవ్వుతూ నెత్తి మీదికి చూసింది. నవ్వు మూతి మీదే ఉండిపోయింది, కళ్లలోంచి దిగిపోయింది.

"ఇదేంటోయ్, సగమే ఇచ్చారు!" అని ఎబ్బె పగలబడి నవ్వాడు. "మిగతా సగం బాకీనా?"

"పురుగు పట్టిందిట," అని ఎవరో అన్నారు.

హెల్లె జనం మధ్యలోంచి తిన్నగా వీబెకెని చూసింది. ఎంతసేపో కాదు. కానీ ఆ చూపుతో వీబెకె నెలల తరబడి కోరుకున్నది దొరికింది. హెల్లె మొహంలో అచ్చం తన మొహం కనిపించింది. అదేంటో, దొరికాక రుచిగా లేదు.

లోపల కాఫీ, రొట్టెలు, పొద్దున్నే తాగే చేదు సారా చిన్న గ్లాసుల్లో. వీబెకె ఒక రొట్టె తుంచి పళ్లెంలోనే ఉంచేసి, గ్లాసులు కడిగే వంకతో వంటగదిలోకి పోయింది. హెల్లె వెనకే వచ్చి తలుపు మూసింది.

"పురుగా?"

"ఊఁ."

"ఆ చట్రానికి ఇసుక కాగితం పట్టి, రెండు పూతలు రంగు వేసింది నేనే వీబెకె. జనవరిలో. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే ఆక్సెల్ షెడ్డులో కూర్చుని వేశాను. నీ తోరణం కోసం. చిల్లు గానీ, పురుగు గానీ ఉంటే నాకు తెలీదా?"

వీబెకె కుళాయి తిప్పింది. నీళ్లు పోతూనే ఉన్నాయి.

"రెండోది నేనే తేలేదు," అంది చివరికి. "ఆ ఈల వినీ వినీ... నీకు మొత్తం ఉండడం చూడలేకపోయాను. అంతే. తిట్టుకో."

హెల్లె తిట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. సెలూన్ జుట్టు ఒక పక్క జారింది.

"నీ గులాబీలు చూశావా సంచిలో?"

"చూశాను. అవి ముట్టుకోవద్దన్నావట. అందుకే ఇంకా మండింది నాకు."

"ముట్టుకోవద్దన్నది ఎందుకనుకున్నావే? నా గుమ్మానికి పెడితే గూడ్రున్ చూసి ఎవరు చేశారని ఆరా తీసేది. చిన్న పూలన్నీ నేను చేసినవి." గొంతు తగ్గించింది. "కావాలనే చిన్నవి చేశాను."

వీబెకె కుళాయి కట్టేసింది.

"నీ పెళ్లిరోజు ముందొస్తుంది కదా. ఏప్రిల్‌లో నీ తోరణం చూసి వీధంతా మురిసిపోతుంది, జూన్‌లో నాది లేచేసరికి అందరికీ పాతదైపోతుంది అనుకున్నాను. ప్రతి గురువారం కూర్చుని, నవ్వుతూ, కాగితం బిగించి చుట్టేదాన్ని. ఆ తర్వాత టార్బెన్ వెళ్లిపోయాడు. నాకు ముందు ఏమనిపించిందో తెలుసా? అయితే మొదటిది నాదే అన్నమాట, అని. వారం రోజులు నీ మొహం చూళ్లేకపోయాను."

"వారం కాదు. మార్చి దాకా నువ్వు నా గడప తొక్కలేదు."

"అదే మరి."

అవతలి గదిలో ఎబ్బె ఈల వేస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి తలుపు వైపు చూశారు.

"పాతికేళ్లు," అంది హెల్లె. "అదే పాట. ఒక్కసారైనా చివరి దాకా వేయడు."

వీబెకెకి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది గానీ ముక్కులోంచి వచ్చేసింది. హెల్లె కూడా మొదలెట్టింది. నవ్వుతూనే లేచి, బరువైన తన చేతితో వీబెకె భుజం మీద ఒక్కటిచ్చింది. గట్టిగానే.

"ఇప్పుడు పోయి నా సగం తీసుకురా."

వీబెకె ఆక్సెల్‌ని వెంటబెట్టుకుని వెళ్లింది. షెడ్డులో రెండో ముక్క ఎత్తుతూ, "తగ్గిందా పురుగు?" అన్నాడంతే.

"కొంచెం," అంది వీబెకె, గులాబీల సంచి భుజాన వేసుకుంటూ.

కొమ్మలు మిగిలాయి గానీ తెల్ల పూలు మిగల్లేదు. అందుకని రెండో సగానికి నారింజ పూలే కట్టారు. మధ్యాహ్నానికల్లా బోల్టు బిగిసింది, తోరణం ఒకటైంది. ఎడమ పక్క పెద్ద తెల్ల పూలు, కుడి పక్క చిన్న నారింజ పూలు. ఇలాంటి తోరణం ఫ్యూన్‌లో ఇంకెక్కడా ఉండదని గూడ్రున్ తేల్చేసింది. పొగిడిందో తిట్టిందో తెలియలేదు. తర్వాత వెనక్కి వెళ్లి, తల వంచి, కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూసింది.

"ఏమాటకామాటే చెప్పాలి. ఈ చిన్నపూలున్న పక్కే ముద్దొస్తోంది. ఆ తెల్లవి మరీ క్యాబేజీల్లా ఉన్నాయి. ఎవరు చుట్టారో గానీ చిన్నవి, పనిమంతురాలు."

హెల్లెకి ఆ పొగడ్త తనదేనని చెప్పుకునే దారి లేదు. చెప్తే, కావాలనే చిన్నవి చేసిన సంగతీ చెప్పాలి. అక్కడ నిలబడ్డవాళ్లంతా కుడి పక్కకి జరిగి, వీబెకె రంగు పూల కింద ఫొటోలు దిగడం మొదలెట్టారు. హెల్లె పెదవులు సన్నగా బిగుసుకున్నాయి. ఆ బిగింపు వీబెకెకి బాగా తెలుసు. ఇన్నేళ్లూ స్నానాలగది అద్దంలో చూసుకున్నదే.

వీబెకె లోపలికి వెళ్లి, పొద్దున వదిలేసిన రొట్టెకి మందంగా వెన్న రాసుకుని తినేసింది. ఫిబ్రవరి తర్వాత మొదటిసారి ఆకలేసింది. ఇంకోటి కూడా తీసుకుంది.