పీతల దీవిలో తాళాలాయన

ముప్ఫై ఏళ్లుగా బజారు మలుపులో కూర్చుని ఊరందరి తాళాలూ బాగుచేసే ఆయన, దుకాణం మూసి ఎక్కడికీ వెళ్లి ఎరగడు. ఆ ఆదివారం బావమరిది పడవ టిక్కెట్లతో దిగబడ్డాడు. "ఒక్కరోజుకి మీ తాళాలేం పారిపోవు, పదండి బావా" అని రెక్క పుచ్చుకుని లాక్కెళ్లాడు.

దీవిలో దిగగానే కాపలా ఆవిడ చెప్పింది. "ఇక్కడి పీతలు చెట్లెక్కుతాయి. తిండి పెట్టకండి. సంచులు నేలమీద పెట్టకండి."

బావమరిది వింటేగా! సంచి కింద పెట్టి చెప్పుల్లో ఇసుక దులుపుకునేలోపు, పొదలోంచి నీలంరంగు పీత ఒకటి వచ్చింది. అన్నం పళ్లెమంత ఒళ్లు, మూరెడేసి కాళ్లు. సంచి పట్టీని పటకారులాంటి డెక్కతో ఒడిసిపట్టింది.

"అమ్మో, నా ఫోను!" బావమరిది కర్ర అందుకున్నాడు.

"కొట్టకండి!" కాపలా ఆవిడ పరుగున వచ్చింది. "లాగితే ఇంకా బిగిస్తుంది. పొట్ట కింద మెత్తగా ఉంటుంది, అక్కడ నెమ్మదిగా రాస్తే వదులుతుంది."

"నన్ను చూడనివ్వమ్మా. బిగుసుకున్నవాటితోనే నా బతుకంతా" అన్నాడు తాళాలాయన.

ఆవిడ పొడుగాటి గడ్డిపోచ తెంచి ఇచ్చింది. ఆయన మోకాళ్లమీద కూర్చుని పీత పొట్ట కింద రాశాడు. చలనం లేదు. పోచని ఇంకాస్త వెనక్కి జరిపాడు. డెక్క ఒకసారి వణికి, మెల్లగా తెరుచుకుంది. బావమరిది సంచితో లగెత్తాడు.

పీత మాత్రం ఏమీ జరగనట్టే పక్కనున్న కొబ్బరికాయ దగ్గరికి నడిచి, కాయకి కళ్లున్న వైపు నుంచి పీచు ఒక్కో పోగే లాగడం మొదలెట్టింది.

"అటునుంచే ఎందుకు?" అడిగాడు తాళాలాయన.

"కళ్ల దగ్గరే కదండీ కాయ మెత్తన. ఒక్కోసారి తెరవడానికి రోజులు పడతాయి."

"వయసెంత దీనికి?"

"నాకంటే పెద్దదే. యాభై దాటే ఉంటుంది."

ఉలి లేదు, సుత్తి లేదు, నేర్పినవాళ్లు లేరు. తొందర అసలే లేదు. గొప్ప పనివాడి ముందు కూర్చున్నట్టు తాళాలాయన ఒద్దికగా చతికిలబడ్డాడు. పడవలో వచ్చినవాళ్లందరూ దీవి చుట్టి వచ్చారు. ఆయన కదల్లేదు.

"ఎంతవరకు వచ్చింది బావా?"

"ఒక కన్ను బయటపడిందిరా!" అన్నాడు, తన ఘనకార్యంలాగే.

పడవ కూత వేసింది. ఆయన కాపలా ఆవిడకి ఫోను నంబరు రాసిచ్చాడు. "తెరిచిన రోజు ఒక్క ముక్క చెప్పమ్మా."

మూడోరోజు మధ్యాహ్నం ఫోను మోగింది. "తెరిచేసిందండీ! చిన్న చిల్లు కొట్టి, రెండు చెక్కలు చేసింది."

"శభాష్!" అని ఆయన అరిచిన అరుపుకి, బీరువా తాళం కోసం వచ్చినావిడ ఉలిక్కిపడింది. ఆవిడకి స్టూలు జరిపి, పీత సంగతి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.