కొట్టేసిన టర్ము

ల్యాబు చెయ్యలేదట, ల్యాబు, తను మాత్రం స్క్రూడ్రైవరు పట్టుకుని ఎన్నేళ్లయింది గనక, బయట వరండాలో మిషను టీ బదులు గుర్రుమని వేడినీళ్లు కక్కుతుంటే ప్రొఫెసరమ్మ దాని నెత్తిన ఒక్కటి చరిచింది, లోపల ఇంటర్వ్యూ గదిలో, పొద్దున వచ్చిన ఆ పిల్ల దరఖాస్తు పక్కన పెట్టేశారు, పీహెచ్‌డీ సీటుకి డిగ్రీలో ల్యాబు కోర్సు ఉండి తీరాలట, లెక్కలు చదివిన పిల్లకి ల్యాబు ఎక్కణ్ణుంచి వస్తుంది, చేరేదేమో థియరీలోనాయె, కాయితం, పెన్ను, మెడ మీద తలకాయ తప్ప ఇంకేం కావాలి, రూలు రూలే, నన్నేం చెయ్యమంటావ్ అన్నాడు ఛైర్మను, పెద్దమనిషి, వీడూ తనూ ఒకే గురువు దగ్గర చదివినవాళ్లే, వీడు పరీక్షలో ఒక పేపరు తప్పినా ముందు లెక్క చెయ్యరా, మిగతాది నేను చూసుకుంటా అని లోపలికి లాక్కున్నాడా గురువు, అదంతా ఇప్పుడు గాలికి పోయింది.

పొద్దున ఇంటర్వ్యూలో బోర్డు దగ్గర ఆ పిల్ల చేతుల నిండా సుద్ద, సమీకరణం చివర చిన్న టర్ముంటే కొట్టెయ్యమ్మా, అంత చిన్నవి మనం పట్టించుకోం అని తనే నవ్వుతూ అంది, అందరూ చేసేదదే, తనకి పేరు తెచ్చిన రీసెర్చి పేపరు నిలబడిందీ దానిమీదే, పిల్ల కొట్టేసింది, ఆగింది, మళ్లీ రాసింది, ఇక్కడ తీసెయ్యకూడదేమో మేడమ్, అంచు దగ్గరికొచ్చేసరికి ఇదే పెద్దదవుతోంది అంది, మెల్లిగా, తప్పు చేసినదానిలా, ఛైర్మను గడియారం చూసుకున్నాడు, వాడికేం పట్టింది, తనకి మాత్రం చెవులు వేడెక్కాయి, గట్టుకి వేలంత బొక్క పడితే ఏముందిలే అని పడుకున్నవాడు పొద్దున్నే లేచి మునిగిన చేను చూసినట్టు.

అయినా వీడు రూలు చదువుతుంటే ఒక్కరూ నోరు మెదపరేం, బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చున్నారు, కూర్చున్నారేమిటి, తనూ కూర్చుంది, గైడు ఒప్పుకుంటే ల్యాబు చేరాక పూర్తి చెయ్యొచ్చని ఆ రూలు కిందే ఇంకో లైనుంది, ఆ పిల్లకి గైడు కావలసింది తనే, ఛైర్మను తనవైపే చూసి కాస్త ఆగాడు కూడా, తను కళ్లజోడు తుడుచుకుంది, దానిమీద మరకేమీ లేదే, మరి ఎందుకు తుడుచుకున్నట్టు.

రా తల్లీ, లిస్టు మీద నువ్వు సంతకం పెడితే అందరం ఇళ్లకి పోతాం అని తలుపు దగ్గర్నుంచి కేకేశాడు ఛైర్మను, పెట్టను, ఆ పిల్ల దరఖాస్తు మళ్లీ తియ్యి, నేను ఒప్పుకుంటున్నా అంది, ఆ మాట ఇందాక అనొచ్చుగా, నేను ఆగింది నీ కోసమే కదా అన్నాడు వాడు, మిషనుని చరిచిన అరచెయ్యి ఇంకా మండుతోంది, పొద్దుట్నుంచి ఎవరిమీద ఈ కోపం, వీడిమీదా, రూలుమీదా, కాదు, ఆ పిల్లని గుమ్మంలో ఆపింది రూలు కాదు, తనే.