గడప కాడ చిటపట

సాయంత్రం ఆరు దాటింది. పొద్దటి నుంచి ఒకటే ముసురు. నాచారంలోని ఆ గల్లీలో నీళ్లు చెప్పులు మునిగేదాకా నిలిచాయి. దోర్కా పొయ్యి మీద ఎసరు పెట్టి, తలుపు ఓరగా తీసి, వంకాయలు తరుగుతూ చెవి మాత్రం గడప మీదే ఉంచింది.

ముందు దగ్గు వచ్చింది. ఆ వెనకే, "ఏమే, గొడుగు కంపెనీ కాడనే మరిచిపోయిన" అన్నది గొంతు.

గడప దగ్గర మనిషి లేడు.

"ఆఁ, ఉన్న. రా" అని బదులిచ్చి, దోర్కా బియ్యం ఎసట్లో పోసింది. అన్నం ఉడికేసరికి మొగుడు దేవసహాయం తడిసి ముద్దై లోపలికొచ్చి, "ఏమే, గొడుగు..." అనబోయాడు.

"ఇన్న" అని తువ్వాల అందించింది.

ఆ గల్లీలో ఎవరి గొంతయినా మనిషికన్నా ముందే ఇల్లు చేరుతుంది. ఎంత ముందంటే, అన్నం ఉడికేంత. పక్కింటి శారదమ్మ మొగుడి కూనిరాగం వినబడగానే చాయ్ పెడుతుంది. ఎదురింటి పిల్లలు నాయన కేక వినగానే టీవీ ఆపి పుస్తకాలు ముందేసుకుంటారు. ఒక్కటే కట్టుబాటు. వచ్చిన గొంతుకు బదులివ్వాలి. బదులు దొరకని గొంతు వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది. దాని మనిషి సిగ్నల్ దగ్గరో, మెట్రో మెట్ల కిందో చిక్కుబడి, ఎప్పటికో ఇంటికొస్తాడు.

అన్నిటికన్నా పెద్ద గొంతు దోర్కా కూతురు గ్రేసీది. ఉప్పల్ డిపోలో కండక్టర్. "హబ్సిగూడ, తార్నాక, సికింద్రాబాద్! లోపలికి జరుగుండ్రి, లోపల ఫ్లాట్లు ఖాళీ ఉన్నయ్!" అని అరిచిందంటే ఫుట్‌బోర్డు మీదివాళ్లు నవ్వుకుంటూ జరిగేవాళ్లు. "అమ్మా, ఆకలి!" అని ఆ గొంతు గల్లీలోకి వస్తే నాలుగిళ్లవాళ్లు "ఆఁ" అనేవాళ్లు.

ఎండాకాలంలో గ్రేసీకి థైరాయిడ్ గడ్డ తీశారు. గడ్డ నరాన్ని కరుచుకుని ఉంది. మత్తు దిగాక నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఎడమ స్వరతంత్రి కదలడం లేదన్నారు. డిపోలో ఆమెను ఆఫీసు పనిలో కూర్చోబెట్టారు. అప్పటి నుంచి ఇంటికి గ్రేసీ ఒక్కతే వస్తోంది. ముందు ఏమీ రాదు.

దోర్కాకు అదే ప్రాణం మీదికొచ్చింది. గొంతు రాని మనిషి రోడ్డు మీద ఎక్కడుందో ఎవరికి తెలుసు? మూతల్లేని మ్యాన్‌హోళ్లు, అడ్డదిడ్డంగా దూరే బండ్లు. కిందపడితే కేకైనా వేయలేదు. పొద్దుగూకిందంటే దోర్కా పొయ్యికీ గడపకూ మధ్య తిరుగుతూనే ఉండేది. కూతురి అడుగు లోపల పడేదాకా కూర్చునేది కాదు.

"అక్క కాడ ఈల ఉన్నది గదా, మమ్మీ. గల్లీ మొదట్ల ఊదుతది" అన్నాడు చిన్నవాడు బెన్నీ. పార్సిళ్లు పంచే పని అతనిది.

గ్రేసీ ఊదింది. కానీ ఈల ముందు రాదు. మనిషితోనే వస్తుంది.

వారం కిందట గడప దగ్గర ఇంకో చప్పుడు మొదలైంది. నూనెలో ఆవాలు వేసినట్టు సన్నగా చిటపట. చీకటి పడేవేళకు వచ్చి, కాసేపుండి పోయేది. దోర్కా పొయ్యి వైపు చూసింది. మూకుడు దించే ఉంది.

"బెల్లు స్విచ్చి మమ్మీ. వానకు షార్ట్ అయితున్నది" అని బెన్నీ వైరు పీకి టేపు చుట్టాడు. "ఇంట్ల కరెంటు పని మొత్తం నేనే చూస్తున్న. జీతమియ్యుండ్రి."

చప్పుడు ఆగలేదు. లోపల తడి ఉండి ఉంటుంది, ఎండొస్తే పోతుంది అనుకున్నారు. ఎండ రాలేదు.

శుక్రవారం దోర్కా కూతురిని తీసుకుని ఉప్పల్‌లోని దవాఖానాకు వెళ్లింది. డాక్టర్ తారామణి తల నెరిసిన మనిషి. ఏదీ దాచదు.

"గొంతులో ఉన్న కండరానికి సన్న సూది పెడతాం. నరం బతికుంటే కండరంలో కరెంటు పుడుతుంది. మిషన్‌లో చప్పుడొస్తుంది. రాలేదనుకోండి, ఇంక ఆగి లాభం లేదు. సోమవారం ఆపరేషన్. ఎడమ తంత్రి పక్కన చిన్న ముక్క పెట్టి మధ్యకు జరుపుతాం. అది పర్మనెంట్. మాట వస్తుంది."

గ్రేసీ ఫోన్‌లో టైప్ చేసి చూపించింది. 'బస్సుల అరవొచ్చా?'

డాక్టర్ ఆ అక్షరాలను కొంచెం ఎక్కువసేపే చూసింది. "మాట్లాడొచ్చమ్మా. అరుపు కష్టం."

గ్రేసీ ఫోన్ బోర్లా పెట్టేసింది. దోర్కా కొంగు చివర వేలికి చుట్టుకుంటూ గోడ పక్కన కూర్చుంది.

ముందు కుడివైపు. సూది మెడలోకి దిగుతుంటే గ్రేసీ మంచం అంచు పట్టుకుంది. "ఈ అను" అంది డాక్టర్. గ్రేసీ నోటి నుంచి గాలి వచ్చింది. మిషన్ స్పీకర్‌లోంచి మాత్రం ఆవాలు చిటపటలాడాయి.

దోర్కా దిగ్గున లేచింది.

"ఇది మంచి వైపు. కూర్చోండి" అంది డాక్టర్. సూది ఎడమవైపు పెట్టింది. "ఈ." ఏమీ లేదు. "ఇంకోసారి." మిషన్ ఉత్తినే గుయ్యిమంది. తెర మీద గీత చదునుగా పోతోంది. డాక్టర్ నిట్టూర్చింది. నర్సుతో, "సోమవారం థియేటర్..." అంది.

"మేడమ్" అంది దోర్కా. "గీ సప్పుడు మా గడప కాడ వస్తున్నది."

డాక్టర్ చెయ్యి ఆగింది. "ఎప్పటి నుంచి?"

"వారమాయె."

"మీ వైపు గొంతు ఎంత ముందొస్తుంది?"

"అన్నం ఉడికేంత."

"మా అత్తగారిది పీర్జాదిగూడ. అక్కడ పాలు పొంగేంతే." డాక్టర్ తెర మీది గీతను మళ్లీ చూసింది. "మరి ఇది వారం ముందొచ్చిందంటే చాలా దూరం నుంచి వస్తున్నట్టుంది. బదులిచ్చారా?"

దోర్కా తల దించుకుంది. "బెల్లు అనుకున్నం. వైరు పీకేసినం."

గ్రేసీ భుజాలు కదిలాయి.

"నవ్వకమ్మా, సూది ఉంది!" అంది డాక్టర్. సూదిని వెంట్రుకవాసి పక్కకు జరిపింది. "ఇప్పుడు ఈ వద్దు. ఇంటికొచ్చి రోజూ ఏమంటావో అది అను."

గ్రేసీ పెదవులు కలిసి విడిపోయాయి. అమ్మా. మిషన్ పలకలేదు. ఇంకోసారి. అమ్మా.

"ఆఁ బిడ్డా" అంది దోర్కా. అనాలని అనలేదు. ఏళ్ల అలవాటు, నోటి నుంచి అదే వచ్చేసింది.

టప్.

ఒక్క ఆవగింజ. కొంచెం ఆగి ఇంకొకటి. చదును గీత మీద చిన్న ముల్లు లేచి పడింది.

"నరం చావలేదు. మొలకేస్తోంది" అంది డాక్టర్ నెమ్మదిగా. "సోమవారం ఆపరేషన్ వద్దు. నెల ఆగి మళ్లీ పరీక్ష చేద్దాం."

"గొంతు వస్తదా మేడమ్?"

"అది చెప్పలేనమ్మా. దారిలో అయితే ఉంది."

దవాఖానా బయట గ్రేసీ డిపో వైపు చెయ్యి చూపింది. సగం డ్యూటీ ఉంది. దోర్కా వద్దని తల అడ్డంగా ఊపింది. గ్రేసీ తల్లి చెంప నిమిరి, గొడుగు ఆమె చేతిలోనే పెట్టి, వానలో పరుగెత్తింది.

ఆ సాయంత్రం వాన ఇంకా పెరిగింది. దేవసహాయం దగ్గు వచ్చింది, దోర్కా బదులిచ్చింది. మనిషి వచ్చాడు. "మమ్మీ, ఏం కూర?" అని బెన్నీ గొంతు వచ్చింది, బదులిచ్చింది. మనిషి వచ్చాడు. మెయిన్ రోడ్డు మీద మోకాళ్ల లోతు నీళ్లున్నాయనీ, తన బండి రెండుసార్లు ఆగిపోయిందనీ చెప్పాడు. దోర్కా గ్రేసీకి ఫోన్ చేసింది. మోగుతోంది. ఎత్తడం లేదు.

"నేను పోయి చూసొస్తనే" అని దేవసహాయం మళ్లీ చెప్పులేసుకున్నాడు.

"ఆగు" అంది దోర్కా.

గడప దగ్గర చిటపట.

దోర్కా మోకాళ్ల మీద కూర్చుంది. తడి గడప మీద అరచెయ్యి ఆనించింది. ఆ ఇంట్లో అంత పొడుగు మాట ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. "ఆఁ బిడ్డా, ఉన్న. ఈడనే ఉన్న. వారం సంది నిలబడ్డవు, నేనే గుర్తుపట్టలే. ఎనకకు పోకు. జర పైలం, మెల్లగ రా."

చిటపట ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది. ఆ ఆవాల మధ్యనుంచి, దారపు పోగంత సన్నగా, "...మ్మా" అని వినబడింది.

బెన్నీ నోరు తెరిచాడు. దేవసహాయం చెప్పులు విడిచి గోడకు ఆనుకున్నాడు. దోర్కా లేచి ఇంకో దోసెడు బియ్యం ఎసట్లో పోసింది. అన్నం కుతకుతలాడింది. ఉడికింది. దోర్కా గంజి వంచింది. గల్లీలో వాన తప్ప ఏమీ లేదు. మూత పెట్టింది.

అప్పుడు గల్లీ మొదట్లో ఈల వినబడింది.

గ్రేసీ నిలువెల్లా తడిసి, చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చింది. గడప దగ్గర ఆగి కిందికి చూసింది. చూసి, జాగ్రత్తగా, దేన్నీ తొక్కకుండా దాటింది.

దోర్కా కంచాలు పెడుతూ లెక్క చూసుకుంది. ఈయన వచ్చిండు. బెన్నీ వచ్చిండు. గ్రేసీ వచ్చింది.

తలుపు వేయబోయి గడప వైపు చూసింది. అదీ వచ్చింది.