మూడు వందల పన్నెండు పేర్లు

నాలుగు వందల పదిహేడోసారి ఆమోసు స్విచ్చి ఆర్పాడు. బల్ల మీది పచ్చ బోర్డులో చిన్న దీపం పోయింది. మనసులో మూడు లెక్కపెట్టి మళ్ళీ వేశాడు. దీపం వచ్చింది, కంప్యూటరు తెర మీద పేర్లు గబగబా పైకి పాకాయి, అడుగున 312 అని పడింది. నోటుపుస్తకంలో ఒక గీత గీశాడు. కుడి బొటనవేలు స్విచ్చి మీదే ఉంటుంది గనక గీతలు ఎడమచేత్తో గీస్తాడు. అందుకే అవన్నీ ఒక పక్కకు వాలి ఉంటాయి.

వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల గోడౌను పై అంతస్తులో ఉంది ఆ కంపెనీ. రొయ్యల చెరువుల గట్ల మీద పెట్టే పెట్టెలు తయారుచేస్తారు. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో అరగంటకోసారి చూసి రాసుకోవడం, తగ్గితే నీళ్ళు చిలికే ఏరేటర్లను ఆడించడం ఆ పెట్టె పని. రాసుకోవడానికి లోపల ఒక బుల్లి డేటాబేస్ ఉంటుంది. దాన్ని ఇరవై రెండేళ్ళ కిందట రాసినవాడు ఆమోసు. ఒక చిప్పు కోసం రాసింది ఇంకో చిప్పు మీద నడవదు. పాత చిప్పు రావడం మానేసి కొత్తది వచ్చినప్పుడల్లా దాన్ని మూటాముల్లె సర్ది కొత్త ఇంట్లో కాపురం పెట్టించాలి. తలుపు ఎటు తెరుచుకుంటుందో, నీళ్ళు ఎప్పుడొస్తాయో అన్నీ మొదటినుంచీ నేర్పాలి. అలా పధ్నాలుగు ఇళ్ళు మార్పించాడు. తను మాత్రం కంకిపాడులో అదే రెండు గదుల అద్దెవాటాలో ఉండిపోయాడు.

మనిషి సన్నం. మెడ ఎముకలు చొక్కా కాలరు దాటి కనబడతాయి. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే దారం చుట్టుకున్నాడు. స్విచ్చి నొక్కీ నొక్కీ కుడి బొటనవేలి చర్మం కాయ కాచింది. ఆ స్విచ్చిని తనంతట తానే ఆర్పి వేసే యంత్రం ఒకటి ఉంది. కుర్రాళ్ళెవరో తయారుచేసి పెట్టారు. ఆమోసు దాన్ని ముట్టుకోడు. యంత్రం ప్రతిసారీ ఒకే లెక్కన ఆర్పుతుందనీ, మన చెరువుల మీద కరెంటు టైంటేబులు చూసుకుని పోదనీ అతని వాదం. కొత్త చిప్పు వస్తే చేత్తో వెయ్యిసార్లు ఆర్పాల్సిందే, వెయ్యిసార్లూ ఒక్క పేరు పోకుండా తిరిగి రావాల్సిందే.

ఆ పేర్లు కంకిపాడు చర్చి సంఘం పట్టికలోవి. అప్పట్లో పాస్టరు గారు టైపు చేసి పెట్టమని ఇస్తే, పరీక్షకు పనికొస్తాయని ఆమోసు వాటినే డేటాబేసులోకి ఎక్కించాడు. మళ్ళీ మార్చలేదు. మారిస్తే పాత జవాబుతో కొత్త జవాబు పోల్చి చూడ్డం కుదరదు. అందువల్ల ఆ పట్టికలో ఎవరికీ వయసు పెరగలేదు, ఎవరూ చావలేదు. ఆమోసుకు ఇంకా ఇరవై తొమ్మిదే.

నాలుగు వందల పద్దెనిమిదోసారి అడుగున 311 అని పడింది.

ఆమోసు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. పేర్లు నోటికి వచ్చు గనక వెతుక్కోవలసిన పని పడలేదు. పట్టిక చివర డేనియల్ తరవాత ఆదెమ్మ లేదు.

ఆదెమ్మ నాట్లకు వెళ్ళే మనిషి. ఆదివారం అందరికన్నా ముందొచ్చి చర్చి వాకిలి ఊడ్చేది. ఆమోసు పట్టిక టైపు చేస్తున్నాడని విని ఇంటికొచ్చి, "నా పేరు ఎక్కిచ్చావంట్రా?" అని అడిగింది. వయసెంత పెద్దమ్మా అంటే తెలీదంది. అరవై వేశాడు. కరోనా ఏడు ఆమె పోతే నలుగురే వెళ్ళి పూడ్చి వచ్చారు. ఆ నలుగురిలో ఆమోసు ఒకడు. చర్చి పట్టికలో ఆమె పేరు కొట్టేశారు. ఇక ఆమె ఉన్నది ఈ బోర్డులోనే, ఇప్పుడు ఇందులోనూ లేకుండా పోయింది.

తప్పు దొరికేసరికి పన్నెండున్నర దాటింది. కొత్త చిప్పు అబద్ధమాడుతోంది. రాయడం పూర్తికాకముందే రాసేశానంటోంది. ఆ క్షణంలోనే కరెంటు పోతే చివరగా రాసింది గల్లంతే. దాని మాట నమ్మకుండా ప్రతిసారీ తిరిగి చదివి చూసుకునేలా నాలుగు వరసలు రాసి, బోర్డులోకి ఎక్కించి, యజమాని హేమసుందర్ గదిలోకి వెళ్ళి సంగతి చెప్పాడు.

"లారీ అయిదింటికండీ ఆమోసు గారూ. నలభై పెట్టెలూ పాత ప్రోగ్రాముతో సీలు వేసేశాం," అన్నాడు హేమసుందర్. "ఇన్నిసార్లలో ఒకటేగా పోయింది?"

"ఒకటి కాదండీ. ఆదెమ్మ."

"ఆదెమ్మెవరండీ?"

ఆమోసు ఆ పేరు వదిలేసి చెరువుల సంగతి ఎత్తుకున్నాడు. "చెరువు మీద చివరి రీడింగు పోతే పెట్టె దాని ముందుదాన్ని నమ్ముతుందండీ. నీళ్ళు బాగున్నాయనుకుని ఏరేటర్లు ఆపేస్తుంది. తెల్లారుజామున అరగంట చాలండి, రొయ్యలన్నీ తేలిపోతాయి," అన్నాడు.

హేమసుందర్ చెడ్డవాడు కాడు. గడియారం చూశాడు. "అయిదు లోపల మీ వెయ్యీ అయిపోతే లారీ ఆపుతాను. కాకపోతే పంపేస్తానండీ, పార్టీ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు."

ఆమోసు వచ్చి నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు. పక్క బల్ల దగ్గర బోర్డులకు టంకం పెట్టే గంగారత్నం తలెత్తి చూసింది. బందరు వైపు మనిషి. ఆ నలభైలో ఒక పెట్టె ఆమె తమ్ముడు కాశీరావు చెరువుకే వెళుతోంది.

"అన్నం తినరా అన్నయ్యగారూ?"

"అయ్యాక తింటానమ్మా."

రెండు వందలు దాటాక ఛాతీలో బరువుగా అనిపించింది. పొద్దున తిన్న మినపట్టు అరగలేదనుకున్నాడు. నాలుగు వందల దగ్గర ఎడమచెయ్యి లాగడం మొదలుపెట్టింది, గీతలు మరీ వాలిపోయాయి. గంగారత్నం మంచినీళ్ళు తెచ్చి పెట్టి, "చెమటలు పడుతున్నాయేంటండీ? ఆస్పత్రికి వెళ్దాం పదండి," అంది.

"గ్యాసేలేమ్మా. ఇప్పుడాపితే అయిదు లోపల వెయ్యీ కావు. లారీ ఆగదు."

ఆర్పడం, మూడు లెక్కపెట్టడం, వెయ్యడం. ఆదెమ్మ వస్తోంది. ప్రతిసారీ డేనియల్ తరవాత ఆదెమ్మ వస్తోంది. అది చూసినప్పుడల్లా అతనికి హాయిగా ఉంది.

గంగారత్నం కింద కొట్టులో సోడా కొనుక్కుని మెట్లెక్కి వచ్చేసరికి ఆమోసు తల బల్ల మీద ఆనించి ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని ఆమె సీసా చప్పుడు కాకుండా పెట్టింది. బొటనవేలు స్విచ్చి మీదే ఉంది. దీపం వెలుగుతోంది.

ఆటోలో ఆస్పత్రికి హేమసుందరే పట్టుకుని తీసుకెళ్ళాడు. ప్రాణం అప్పటికే పోయిందన్నారు. అక్కడ వరండాలో కూర్చుని హేమసుందర్ నిజంగానే ఏడ్చాడు. లారీ సంగతి ఆ గొడవలో ఎవరికీ గుర్తులేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు గనక అది అయిదింటికి బయల్దేరింది.

సోమవారం మధ్యాహ్నం గంగారత్నం అన్నం మానేసి, ఇంకో కంప్యూటరు తెచ్చి బోర్డుకు తగిలించుకుని ఆ బల్ల దగ్గర కూర్చుంది. నోటుపుస్తకంలో ఆరు వందల నలభై గీతలున్నాయి, ఆ తరవాత ఒక సగం గీత ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోవాలో వద్దో తెలియక ఆమె ఆ ఒక్కటీ మళ్ళీ చేసింది. మిగిలినవన్నీ గంటలో పూర్తిచేసింది. ఒక్కసారి కూడా 312 తప్పలేదు.

"వెయ్యీ అయ్యాయండి," అని చెప్పింది హేమసుందర్‌కు.

"ఇప్పుడేం చేస్తామండీ. పెట్టెలన్నీ గట్ల మీద బిగించేశారు. ఆయన కంప్యూటరు పాస్‌వర్డు కూడా ఎవరికీ తెలీదు. వచ్చే లాటులో చూద్దాం లెండి."

ఇక మారిన ప్రోగ్రాము చేతికి దొరికేది ఆ పచ్చ బోర్డులో మాత్రమే. ఆమె దాన్ని ఊడదీసి, క్యారేజీ గిన్నెలో గుడ్డ చుట్టి పెట్టుకుంది. ఆదివారం కైకలూరు దగ్గర కాశీరావు చెరువుకు వెళ్ళి, గట్టు మీది పెట్టె విప్పి బోర్డు మార్చింది. పేర్లు ఎలా చెరపాలో ఆమెకు తెలియదు. తెలిసినా చెరిపేది కాదు. మిగతా ముప్పై తొమ్మిది చెరువులు ఎవరివో కూడా ఆమెకు తెలియదు. అది తలుచుకుంటే మాత్రం తమ్ముడి ముందు కూడా తలెత్తాలనిపించలేదు.

ఆ నెలలోనే అటువైపు రెండు చెరువుల్లో తెల్లారేసరికి రొయ్యలు తేలాయి. ఏదో జబ్బు తగిలిందన్నారు. గంగారత్నం ఆ మాట విని టంకం పెట్టుకుంటూ కూర్చుంది.

పక్క బల్ల మీద నోటుపుస్తకం అలాగే తెరిచి ఉంది. పైనుంచి వాలిన గీతలు, వాటి చివర ఒక సగం గీత, దాని కింద నిటారుగా మూడు వందల అరవై.